ఈ ఏడు కట్టేస్తాం సరే, డెబ్బయ్యో ఏట?

(విశాఖపట్నంలో ఒక ఆదివారం కొన్ని కాలనీ సంఘాలవాళ్లు కలిసి పెట్టుకున్న సభలో, ప్రభుత్వ రంగ బీమా సంస్థ క్లెయిముల విభాగంలో పనిచేసి రిటైరైన వక్త చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని ఎక్కించాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బీమావాడి మీటింగంటే ముందు వరసలో కూర్చోడానికి అందరికీ భయమే, ఎక్కడ పాలసీ అంటగడతాడోనని. నేను రిటైరైపోయానండి. నా దగ్గర అమ్మడానికి ఏమీ లేదు. ధైర్యంగా కూర్చోండి.

"సామాన్య కుటుంబాలకి ఆరోగ్య బీమా" అని నాకు అంశం రాసి పంపారు. పెద్ద అంశం. నేను దాన్ని ఒక్క ప్రశ్న కిందకి కుదించుకుని వచ్చాను. ఈ ఏడు ప్రీమియం కట్టడం ఎలాగో ఒకలా కుదురుతుంది. బోనస్ వచ్చిందనో, పక్కింట్లో ఎవరికో గుండెపోటు వచ్చిందని భయపడో కట్టేస్తాం. అదే పాలసీని జీతం ఆగిపోయాక, అరవై దాటాక, డెబ్బయ్యో ఏట కూడా కట్టగలమా? అదీ ప్రశ్న. ఎందుకిలా అడుగుతున్నానంటే, క్లెయిముల సీట్లో కూర్చున్నన్నాళ్లూ నాకు ఎక్కువ బాధ కలిగించిన ఫైళ్లు తిరస్కరించినవి కావు. ఇరవయ్యేళ్లు ఒక్క క్లెయిమూ లేకుండా కట్టి, సరిగ్గా అవసరం వచ్చే వయసులో "ఇంక మోయలేం" అని మానేసి, ఆ తర్వాత రెండేళ్లకి స్టెంటు వేయించుకుని "ఏమైనా వస్తుందేమో చూడండి సార్" అని పాత పాలసీ కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్లు. ఏం చూస్తాం? చూడ్డానికేం ఉంటుంది?

ఒకసారి చేతులెత్తండి. స్టీలు ప్లాంటులో చేసినవాళ్లు? పోర్టు? రైల్వే? డాక్‌యార్డు? చూశారా, సగం హాలు అయిపోయింది. మన ఊరి సంగతే వేరు. స్టీలు ప్లాంటుకి దాని ఆసుపత్రి, పోర్టుకి పోర్టు ఆసుపత్రి, రైల్వేకి రైల్వే ఆసుపత్రి, నేవీకి కల్యాణి. మెడిక్లెయిమ్, అంటే ఆసుపత్రి ఖర్చుకి ఇచ్చే బీమా, మన దేశంలో 1986లో వచ్చింది, నాలుగు ప్రభుత్వ కంపెనీలే అమ్మేవి. అయినా ఈ ఊళ్లో ఉద్యోగస్తుల ఇళ్లకి వెళ్లి మెడిక్లెయిమ్ అంటే నవ్వేవారు. "మాకెందుకండీ, మా ఆసుపత్రి ఉంది కదా" అనేవారు. వాళ్లన్నదీ నిజమే.

మరి వాళ్ల పిల్లలు? మీ పిల్లలేనండీ, పరాయివాళ్లు కాదు. ఒకడు మధురవాడలో సాఫ్ట్‌వేరు, ఒకడు పరవాడ ఫార్మా కంపెనీలో కెమిస్టు, ఒకమ్మాయి డాబాగార్డెన్స్‌లో షోరూములో అకౌంట్స్ చూస్తుంది, అల్లుడు అదే స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు కింద చేస్తాడు. తండ్రి వెళ్లిన ఆసుపత్రి గేటు కొడుక్కి తెరుచుకోదు. ఒక్క తరంలో మారిపోయింది. నా లెక్కలో విశాఖలో ఆరోగ్య బీమా సమస్య అంటే ముందు ఇదే.

సరే, ఎవరికి ఏముందో గబగబా చెప్పేస్తాను. ఇందులో చాలావరకు మీకు తెలిసిందే.

రైస్ కార్డు ఉన్నవాళ్లకి ఆరోగ్యశ్రీ. 2007లో వచ్చింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా బోర్డు మారుతుంది, పథకం మాత్రం నిలబడింది, అది మంచి విషయమే. ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉంటే రావచ్చు. సొంత కారు ఒకటి ఉన్నంత మాత్రాన పోదు. చాలామంది "మేం మధ్యతరగతి, మాకు రాదులే" అని అడగనే అడగరు. అడగండి ముందు! నెలకి ముప్పై అయిదు వేలు వచ్చే ఇల్లు కూడా 5 లక్షల లోపే కదా? ముప్పై అయిదు పన్నెండ్లు ఎంత? నాలుగు లక్షల ఇరవై వేలు. లెక్క వేసుకోండి. అలాగని దాంతో అన్నీ తీరిపోతాయని నేను చెప్పను. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని ఈ పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేయడం మనం చూశాం. ఒకసారి కాదు, పలుమార్లు చూశాం. సరిగ్గా ఆ వారంలోనే మన ఇంట్లో ఆపరేషన్ పడితే ఏం చేస్తాం?

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఇంకో విధానానికి ఆమోదం చెప్పింది. పేద, మధ్యతరగతి తేడా లేకుండా కుటుంబానికి 2.5 లక్షల దాకా బీమా కంపెనీల ద్వారా, పేద కుటుంబాలకి ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు ద్వారా అని. వినడానికి బావుంది. చేతికొస్తే ఇంకా బావుంటుంది. కానీ పేపర్లో ఆ వార్త చూసి ఉన్న పాలసీ రెన్యువల్ మానేసినవాళ్లు నాకు తెలుసు. అలా చెయ్యకండి, దయచేసి. మీ పేరు మీద కార్డొచ్చి, మీరు వెళ్లే ఆసుపత్రి కౌంటర్లో అది పనిచేసిన రోజున ఆలోచిద్దాం.

రెండోది ఈఎస్ఐ, అంటే తక్కువ జీతాల ఉద్యోగులకి జీతంలోంచి కొంత కట్టించుకుని వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మనవాళ్లకి దీని విలువ తెలీదు. గాజువాక ఆటోనగర్‌లో లేతు మీద పనిచేసే కుర్రాడు ఉన్నాడనుకోండి. జీతం 20,000. అతని జీతంలోంచి కట్టయ్యేది నూటికి ముప్పావు, అంటే 150 రూపాయలు. యజమాని కట్టేది నూటికి మూడుంపావు, అంటే 650. మొత్తం నెలకి 800. దీనికి అతనికి, భార్యకి, పిల్లలకి, అతని మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకి వైద్యం. ముందున్న జబ్బులకి ఇన్నాళ్లు ఆగాలన్న షరతు లేదు. జబ్బుచేసి సెలవు పెడితే జీతంలో కొంత భాగం కూడా ఇస్తారు. ఇంత చవకగా ఇంత ఇచ్చే పాలసీ ఏ ప్రైవేటు కంపెనీ దగ్గరా లేదు. నేను ముప్పై ఏళ్లు బీమాలోనే ఉన్నాను, చెప్తున్నాను కదా.

మరి ఇబ్బంది ఎక్కడుంది? జీతం 21,000 దాటితే బయటికే. ఆ 21,000 అన్న గీత 2017 జనవరిలో గీశారు. జీతాలు పెరిగాయి, గీత అక్కడే ఉంది. దాంతో ఏమవుతోందంటే, 20,500 ఉన్న కుర్రాడికి ఇంక్రిమెంటు వచ్చి 22,000 అయితే పదిహేను వందలు చేతికి ఎక్కువొచ్చాయని మిఠాయిలు పంచుతాడు. ఇంట్లో అందరి వైద్యం పోయిందని కొన్ని నెలలకి తెలుస్తుంది. వెంటనే కాదు, కొన్ని నెలలకని ఎందుకన్నానంటే, ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి అని రెండు విడతలుంటాయి, మధ్యలో జీతం పెరిగినా ఆ విడత అయ్యేదాకా ఉంచుతారు. ఆ తర్వాత? బజార్లో పాలసీ కొనుక్కోవాలి. అమ్మానాన్నలతో కలిపి కొంటే ఆ ఇంక్రిమెంటు మొత్తం దానికే చాలదు.

ఇంకో ముక్క. ఈఎస్ఐలో కనీసం అయిదేళ్లు ఉండి రిటైరైనవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే వాళ్లకీ, వాళ్ల భార్యకీ లేదా భర్తకీ వైద్యం కొనసాగుతుంది. నెలకి కాదండీ, ఏడాదికి. మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఈ మాట మీ ఇళ్లలో పెద్దవాళ్లకి చెప్పండి. జింకు ఫ్యాక్టరీ, షిప్‌యార్డు చుట్టుపక్కల చిన్న కంపెనీల్లో చేసి రిటైరైనవాళ్లు ఎంతోమంది దీన్ని వదిలేసుకున్నారు.

ఇంక మిగిలింది ఎవరు? ఆరోగ్యశ్రీకి ఎక్కువ, ఈఎస్ఐకి ఎక్కువ, ప్రభుత్వ ఉద్యోగం కాదు. పూర్ణా మార్కెట్‌లో చిన్న హోల్‌సేల్ కొట్టు, ట్యూషన్లు చెప్పే మాస్టారు, ప్రైవేటు స్కూలు టీచరమ్మ, సొంత ట్రావెల్స్ బండి. వీళ్లే ఇవాళ నా శ్రోతలు. వీళ్ల కోసమే వచ్చాను.

ప్రీమియం సంగతి చూద్దాం. ముప్పై అయిదేళ్ల వయసులో భార్యాభర్తలకి, ఇద్దరు పిల్లలకి 5 లక్షల ఫ్లోటర్, అంటే ఇంట్లో అందరికీ కలిపి ఒకే పాలసీ, తీసుకుంటే ఏడాదికి ఎంతో కొంత అవుతుంది, కంపెనీని బట్టి మారుతుంది, నేను అంకె చెప్పను. చెప్తే రేపు ఎవరో నన్ను ఆపి "మీరు చెప్పిన రేటుకి ఇవ్వట్లేదు" అంటారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: ఫ్లోటర్‌కి రేటు కట్టేది ఆ ఇంట్లో అందరికంటే పెద్ద వయసు చూసి. మీరు ముప్పై ఎనిమిది, మీ ఆవిడ ముప్పై నాలుగు. ప్రేమకొద్దీ అరవై ఆరేళ్ల నాన్నగారిని కూడా అదే పాలసీలో చేర్చారు. ఇంక ఆ పాలసీకి మీ అందరి వయసూ అరవై ఆరే! నాన్నగారికి విడిగా తీసుకోండి. తండ్రిని వేరుపెట్టానని బాధపడక్కర్లేదు, కాగితం మీదే కదా.

తర్వాత వయసు పెరిగే కొద్దీ ఏమవుతుంది? అరవై దాటినవాళ్లకి ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందు మమ్మల్ని సంప్రదించాలి అని ఐఆర్‌డీఏఐ, అదే బీమా నియంత్రణ సంస్థ, హైదరాబాదులో ఉంది కదా, అది 2025 జనవరిలో ఆదేశం ఇచ్చింది. మంచిదే. అంతకుముందు ఒకేసారి సగానికి సగం పెరిగిన నోటీసులు చూసి కళ్లు తిరిగినవాళ్లు ఇక్కడే ఉన్నారు. కానీ పది శాతమే కదా అని ఊపిరి పీల్చుకోకండి. అరవయ్యో ఏట ఇద్దరికీ కలిపి 40,000 కడుతున్నారనుకోండి. ఏటా పది శాతం చొప్పున పెంచితే అరవై ఏడుకి 78,000. డెబ్బైకి? ఎవరైనా లెక్క కట్టారా? లక్ష దాటిపోతుంది. 1,03,750. రూల్ ఎక్కడా దాటలేదు, అంతా పద్ధతిగానే జరిగింది. మరి ప్రైవేటు కంపెనీలో చేసి రిటైరైనవాడికి ఈపీఎస్ పింఛను, అంటే పీఎఫ్‌తో పాటు వచ్చే పింఛను, కనీసం ఎంత? నెలకి 1,000. ఏడాదికి పన్నెండు వేలు వచ్చే చోట లక్ష ప్రీమియం ఎక్కణ్నుంచి తెస్తాడు? పిల్లలు కట్టాలి. పిల్లలకి వాళ్ల ఈఎంఐలు.

మొన్న 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. 20,000 ప్రీమియానికి మునుపు 23,600 కట్టేవాళ్లం, ఇప్పుడు 20,000. నేనూ సంతోషించాను. అయితే కంపెనీలు తాము కట్టిన పన్నుని వెనక్కి మినహాయించుకునే వీలు దాంతోపాటే పోయింది, కాబట్టి ఆ భారం అసలు ప్రీమియంలోకి మెల్లగా ఎక్కుతుందేమో రెన్యువల్ నోటీసు పక్కన పాతది పెట్టుకుని చూడండి. గ్రూపు పాలసీలకి ఈ మినహాయింపు లేదు. బ్యాంకు రిటైరీలు ఆ మూల కూర్చుని తలూపుతున్నారు, వాళ్లకి బాగా తెలుసు.

కంపెనీలు లాభాలు దండుకుంటున్నాయా అని అడుగుతారు. 2023-24లో ఆరోగ్య బీమాలో ప్రభుత్వ కంపెనీలకి వంద రూపాయల ప్రీమియానికి వంద దాటి క్లెయిములు పోయాయి. ఆరోగ్య బీమా ఒక్కటే అమ్మే ప్రైవేటు కంపెనీలకి 65 చేరువలో. తేడా చూశారా? అయితే న్యాయంగా చెప్పాలంటే ప్రభుత్వ కంపెనీల ఖాతాలో పెద్ద పెద్ద గ్రూపు పాలసీలు నష్టానికి ఇచ్చినవి ఉన్నాయి, కాబట్టి రెండింటినీ సూటిగా పోల్చకూడదు. కానీ విడి విడిగా కొనుక్కునే మనలాంటివాడి దగ్గర మార్జిన్ బాగా ఉంది, బేరమాడే శక్తి మాత్రం మనకి లేదు. ఇది నా అభిప్రాయం. నా పాత కొలీగ్స్ ఒప్పుకోరు.

ఇప్పుడు ఒక బిల్లు చూపిస్తాను. అంకెలు గుండ్రంగా చేశాను, మిగతాదంతా రోజూ జరిగేదే. బండి మీంచి పడి కాలు విరిగింది, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, అయిదు రోజులున్నాడు. పాలసీ 3 లక్షలు. బిల్లు 2 లక్షలు. ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉన్నారు, 3 లక్షల పాలసీ ఉంది కదా అని. పాలసీలో ఒక లైనుంది: గది అద్దె రోజుకి పాలసీ మొత్తంలో ఒక శాతం, అంటే 3,000. అరిలోవ వైపు ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్పించారు, ఏసీ సింగిల్ రూము, రోజుకి 6,000. "తేడా మూడు వేలే కదా, అయిదు రోజులకి పదిహేను వేలు, మనం పెట్టుకుందాం" అనుకున్నారు. మీరైనా అలాగే అనుకుంటారు.

డిశ్చార్జి రోజు లెక్క ఇలా వచ్చింది. గదికి 30,000 బిల్లు, 15,000 ఇచ్చారు. ఇంతవరకు అనుకున్నదే. డాక్టరు, ఆపరేషన్ థియేటరు, మత్తు డాక్టరు, నర్సింగు కలిపి 1,10,000. దానికి 55,000 ఇచ్చారు. అదేటండీ, డాక్టరు ఫీజు ఎందుకు కోశారు? ఎందుకంటే, గది పెద్దదైతే ఆ ఆసుపత్రిలో మిగతా రేట్లన్నీ పెద్దవే. మీకు అర్హత సగం గదికి, కాబట్టి మిగతా ఖర్చూ సగమే. మందులు, ప్లేటు, పరీక్షలు 60,000. వీటి మీద ఆ కోత వెయ్యకూడదని రూలుంది, కాబట్టి పూర్తిగా వచ్చాయి. మొత్తం ఇచ్చింది 1,30,000. చేతి నుంచి పడింది 70,000. పదిహేను వేలనుకున్నది డెబ్బై వేలైంది. గ్లౌజులు, డైపర్లు, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటివి ఇవ్వబోమని రాసిన జాబితా ఇంకోటుంది, అది నేను కలపనేలేదు. ఈ కుటుంబం బయటికొచ్చి ఏమంటుంది? "బీమా దొంగలు" అంటుంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఆ ఒక్క లైను ఏజెంటు ముందే చదివి చెప్పి ఉంటే షేరింగ్ రూములో ఉండేవారు.

మరేం చెయ్యాలి? నేనైతే ఇలా చెప్తాను. వేరేవాళ్లు వేరేగా చెప్పొచ్చు.

ఇరవై అయిదు లక్షలు, కోటి అని ప్రకటనలు చూసి పెద్ద పాలసీకి వెళ్లకండి. మోయగలిగినంత చిన్న బేస్ పాలసీ, అయిదు లక్షలది, గది అద్దె పరిమితి లేనిది దొరికితే అది. దాని మీద సూపర్ టాపప్, అంటే ఆ మొత్తం దాటిన ఖర్చుకి ఇచ్చే పాలసీ. టాపప్ కాదండీ, సూపర్ టాపప్. రెండిటికీ తేడా చెప్తాను, వినండి. 5 లక్షల పైన ఇస్తానని పాలసీ. ఒకే ఏడాదిలో మీకు 3 లక్షల బిల్లొకటి, 4 లక్షల బిల్లొకటి వచ్చాయి. టాపప్ వాడు ఏ బిల్లుకి ఆ బిల్లు చూస్తాడు. ఏదీ 5 దాటలేదు, పైసా రాదు. సూపర్ టాపప్ వాడు ఏడాది మొత్తం కూడతాడు, 7 లక్షలైంది, 2 లక్షలు ఇస్తాడు. పెద్ద బేస్ పాలసీ కంటే ఇది చాలా చవక. చవక కాబట్టే డెబ్బయ్యో ఏట కూడా మోయొచ్చు.

అదీ కుదరదంటే ఆరోగ్య సంజీవని అని ఒకటుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చింది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా షరతులు ఒక్కటే, రేటే వేరు. బిల్లులో 5 శాతం మనం పెట్టుకోవాలి, గది అద్దె పాలసీ మొత్తంలో 2 శాతం, గరిష్ఠం రోజుకి 5,000. గొప్ప పాలసీ కాదు. కానీ షరతులు పోల్చుకోవడానికి బుర్ర బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ధర ఒక్కటే చూసి కొనొచ్చు.

షుగరు, బీపీ దాచకండి. "రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వదిలేయండి సార్" అనే ఏజెంటు ఉంటాడు. రేపు ఆసుపత్రిలో డాక్టరు మొదటి కాగితం మీదే "పదేళ్లుగా మధుమేహం" అని రాస్తాడు. ఆ కాగితమే కంపెనీకి వెళ్తుంది. ఏజెంటు అప్పటికి ఫోనెత్తడు. నిజం రాస్తే ఏమవుతుంది? ప్రీమియం కొంత పెరగొచ్చు, ఆ జబ్బుకి మహా అయితే మూడేళ్లు ఆగాలి. మునుపు నాలుగేళ్లుండేది, 2024లో మూడుకి దించారు. ఏకధాటిగా అయిదేళ్లు కట్టాక మాత్రం, మోసం అని నిరూపిస్తే తప్ప, దాచారన్న కారణంతో క్లెయిము కొట్టేయకూడదు. అందుకే ముప్పైల్లో ఒళ్లు బాగున్నప్పుడే మొదలుపెట్టమనేది. ఆ మూడేళ్లూ ఆ అయిదేళ్లూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే గడిచిపోతాయి.

"ఏ జబ్బూ రాలేదు, కట్టిందంతా పోయింది కదా" అంటారు కొందరు. ఇది చీటీ కాదు, పాడుకుని తెచ్చుకోడానికి. రాకపోవడమే కదా మనకి కావాల్సింది!

కంపెనీ నచ్చకపోతే మానేయకండి, మారండి. రెన్యువల్ తేదీకి కనీసం 45 రోజుల ముందు కొత్త కంపెనీలో దరఖాస్తు పెట్టుకుంటే మీరు గడిపిన ఏళ్లు అక్కడా లెక్కలోకి వస్తాయి. ఆఖరి వారంలో పరిగెత్తితే కుదరదు.

క్లెయిము కొట్టేస్తే? ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. నెలలోపు జవాబు రాకపోతే, వచ్చింది నచ్చకపోతే ఇలాంటి గొడవలు తేల్చే అధికారి ఉంటాడు, బీమా అంబుడ్స్‌మన్. మన రెండు రాష్ట్రాలకీ హైదరాబాదులో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, అసలు రానివ్వరు. 50 లక్షల దాకా వింటారు. ఏడాది లోపు వెళ్లాలి. భయపడి వెళ్లరు మనవాళ్లు. నేను కంపెనీ తరఫున ఆ గదిలో కూర్చున్నవాణ్ని, అక్కడ మాకే చెమటలు పట్టేవి. సరైన కాగితాలు పట్టుకుని వచ్చిన గృహిణి ముందు మా మాట నిలిచేది కాదు. ఆసుపత్రిలో చేరడానికి ముందు నెల రోజుల పరీక్షల బిల్లులు, డిశ్చార్జి తర్వాత రెండు నెలల మందుల బిల్లులు కూడా చాలా పాలసీల్లో వస్తాయి. అవి పారేస్తారు మీరు. పారేయకండి. డిశ్చార్జి నాడు ఆసుపత్రి నుంచి కంపెనీకి కాగితం వెళ్లాక మూడు గంటల్లో తేల్చాలని రూలు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి ఇంకో రోజు గది అద్దె మీమీద వేస్తే, ఆలస్యం కంపెనీదైతే ఆ అద్దె కంపెనీదే.

ఒక్క మాట చెప్పి ఆపేస్తాను, ఇది బీమావాడు చెప్పాల్సిన మాట కాదు. పాలసీ మంచానికి డబ్బిస్తుంది. అడ్మిట్ అయితేనే. మన ఇళ్లలో నెలనెలా చేతి నుంచి పోయేది దేనికి? షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, థైరాయిడ్, కన్సల్టేషన్ ఫీజు, రక్తపరీక్ష. మామూలు పాలసీ వీటికి పైసా ఇవ్వదు. దేశం మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి నేరుగా పెట్టేది 2013-14లో 64 శాతం ఉండేది, 2021-22కి 39 శాతానికి వచ్చిందని కేంద్ర ప్రభుత్వ లెక్క. తగ్గింది, ఒప్పుకుంటాను. అయినా వందలో నలభై ఇంకా మన జేబే. అది తగ్గాలంటే పాలసీలు ఎక్కువ అమ్మితే సరిపోదు. ఇంటి దగ్గర అర్బన్ హెల్త్ సెంటర్లో మందులుండాలి. కింగ్ జార్జ్ ఆసుపత్రి, అదే కేజీహెచ్‌లో ఓపీ చీటీకి తెల్లవారకముందే లైను కట్టే పరిస్థితి పోవాలి. 1923 నుంచి ఉన్న ఆసుపత్రి అది. శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా నుంచి కూడా దాన్నే నమ్ముకుని వస్తారు. హనుమంతవాకలో విమ్స్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, క్యాన్సర్ అనగానే హైదరాబాదు టికెట్ తీసేవాళ్లు ముందు అక్కడికి వెళ్లి అడగండి. ఇవి బాగా నడిస్తే ప్రైవేటు ఆసుపత్రి రేటు దానంతటదే దిగుతుంది. అది దిగితే మన ప్రీమియం దిగుతుంది. మనం ప్రీమియం గురించి ఎంత గట్టిగా అడుగుతున్నామో కార్పొరేటర్‌నీ ఎమ్మెల్యేనీ ఈ ఆసుపత్రుల గురించి అంత గట్టిగా అడగట్లేదు.

ప్రశ్నలు

(మా అబ్బాయి కంపెనీ పాలసీలో మేమిద్దరం ఉన్నాం. విడిగా ఎందుకని ఒకరు అడిగారు.)

అబ్బాయి ఉద్యోగం ఉన్నన్నాళ్లు బావుంటుంది మేస్టారూ. ఇవాళా రేపూ ఐటీలో మెయిలొచ్చిన సాయంత్రానికి లాప్‌టాప్ తీసుకుపోతున్నారు, పాలసీ కూడా దాంతోనే పోతుంది. అప్పుడు మీకు అరవై ఎనిమిదేళ్లు, కొత్తగా మూడేళ్లు ఆగాలంటే? కంపెనీ పాలసీ 3 లక్షలదైతే, ఆ 3 లక్షల పైన సూపర్ టాపప్ ఇప్పుడే మీ పేరున తీసుకోండి. ఆగాల్సిన ఏళ్లు ఇప్పట్నుంచే కరుగుతాయి.

(తల్లికి డెబ్బై రెండేళ్లు, స్టెంటు ఉంది, ఏ కంపెనీ ఇవ్వడం లేదని ఒకావిడ అడిగారు.)

అమ్మా, డెబ్బై దాటినవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా కేంద్రం 2024 అక్టోబరు 29 నుంచి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తోంది. ఏడాదికి 5 లక్షలు. ఆధార్ చాలు. పాత జబ్బులకి ఆగక్కర్లేదు, స్టెంటు ఉన్నా ఫర్వాలేదు. కార్డు తీసుకుని ఊరుకోకండి. మీరు అమ్మగారిని తీసుకెళ్లే ఆసుపత్రి ఏదో అక్కడ డెస్కులో కార్డు చూపించి "దీన్ని తీసుకుంటారా, గుండెకి తీసుకుంటారా" అని ఒంట్లో బాగున్నప్పుడే అడిగి పెట్టుకోండి. అర్ధరాత్రి అంబులెన్సులో కూర్చుని అడిగే ప్రశ్న కాదు అది.

(పాలసీ గడువు దాటి ఎనిమిది రోజులైందని, పోయినట్టేనా అని ఒకాయన అడిగారు.)

పోలేదు. ఏడాది ప్రీమియం అయితే ముప్పై రోజుల గ్రేస్, అంటే అదనపు గడువు, ఉంటుంది. ఈలోపు కడితే మీ పాత ఏళ్లన్నీ అలాగే ఉంటాయి. కానీ ఈ ఎనిమిది రోజుల్లో ఏమైనా జరిగుంటే మాత్రం వచ్చేది కాదు, ఇప్పుడు కట్టేదాకా కూడా అంతే. ఎన్నేళ్ల పాలసీ? పద్నాలుగేళ్లా? పద్నాలుగేళ్లు కట్టి, ఇలా తాపీగా కూర్చుని నా ఉపన్యాసం వింటున్నారా? మీ అబ్బాయి పక్కనే ఉన్నాడుగా. బాబూ, ఫోను తియ్యి. సభ అయ్యేదాకా ఎందుకు, ఇప్పుడే కట్టెయ్యి.